తెగులు రాకముందే

మొన్న ఆదివారం హోసూరు పక్క తళి దగ్గర, ప్లాస్టిక్ పందిరి వేసిన మా పాలీహౌస్ గుమ్మంలో నా మనవరాలు నన్ను నిలబెట్టేసింది. గులాబీ తోటలోకి ఎవరు వచ్చినా అక్కడి బ్లీచింగు నీళ్ల తొట్టిలో కాళ్లు ముంచి రావాలి. బయటి తెగులు లోపలికి రాకూడదని నేను పెట్టిన చట్టమే అది. ఏదో ధ్యాసలో తొట్టిని దాటుకుని పోయాను. ఆ పిల్ల తొట్టిలోనే నిలబడి, "తాతా, నీ కాళ్లు?" అంది. వెనక్కి వచ్చి ముంచాను కానీ, తల ఎత్తి దాని ముఖం చూడలేకపోయాను.

నేను బడిలో చదివింది తక్కువ. మిగతాదంతా పాత పేపర్లలోనూ, పురుగుమందు డబ్బాల మీదా, హోసూరు బస్సులో పక్కవాడి ఒళ్లోని పత్రికలోనూ చదువుకున్నాను. అలా చదువుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది, ఎదుటివాడు ఏం చెప్పినా అందులో మోసం వెతకడం. నాకది బాగా ముదిరింది. తాలూకా ఆఫీసులో నా గొంతు వినబడితే గుమాస్తాలు టీ తాగడానికి లేచిపోయేవారట. మా ఇంట్లో దాన్ని గొప్పగా చెప్పుకునేవారు. నేనూ గొప్పే అనుకున్నాను.

ఈ పిల్ల నా చిన్న కూతురి బిడ్డ. ఏడో నెల నిండకముందే హోసూరులో ఒక ఆసుపత్రిలో పుట్టింది. అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. ఒళ్లంతా ఉల్లిపొరలా ఉండి, లోపలి నరాలు కనబడేవి. డాక్టరమ్మ కృష్ణగిరి వైపు మనిషి. నన్నూ అల్లుణ్ణీ పిలిచి ఓపికగా చెప్పింది. "ఇంత తొందరగా పుట్టిన బిడ్డకు చర్మం అడ్డం నిలవదయ్యా. నరంలో గొట్టం ఉండాది, వేరే మందులు పోతా ఉండాయి. ఇప్పుడు ఫంగస్ రక్తంలోకి దిగితే బతికించేది కష్టం. అందుకే రాకముందే మందు మొదలుపెడతాము."

"ఇప్పుడు ఉందా ఆ ఫంగస్?" అన్నాను. లేదంది. ఇక నాకు పట్టపగ్గాలు లేవు. "లేని జబ్బుకు మందు పోసేది యాడన్నా ఉందా తల్లీ? మీ మందులు అమ్ముడుపొయ్యేదానికి మా బిడ్డే దొరికిందా?" వరండాలో ఉన్నవాళ్లందరికీ అర్థం కావాలని ఆ మాట తమిళంలోనూ కన్నడంలోనూ కూడా చెప్పాను. అల్లుడు నా ఎదుట కుర్చీలో కూడా కూర్చోని మనిషి. "మామ ఒప్పుకోవాల" అని నేల చూశాడు. మా వైపు పెద్దవాడు సరే అననిదే పందిరి గుంజ కూడా పాతరు. పొద్దున పడవలసిన మందు నా మాట కోసం ఆగింది.

మధ్యాహ్నం దాటాక, గెలిచి వచ్చినవాడిలా పోయి కూతురికి అంతా చెప్పాను. ఆపరేషను నొప్పితో పడుకుని ఉంది. బిడ్డను ఇంకా చూడనే లేదు. అంతా విని, "నాయనా, రోజాలకు బూడిద తెగులు మందు యెప్పుడు కొడతావు?" అంది.

"చలి మొదలయితానే."

"తెగులు కనపడినాకనా?"

"కనపడినాక కొడితే యేం మిగుల్తుంది, తోటంతా..." 

ఆమె గోడ వైపు తిరిగింది. "మార్కెట్టుకు పోయే పువ్వుకుండే యోగం నా బిడ్డకు లేదులే."

పక్క మంచం దగ్గర ఇడ్లీ తింటున్న ముసలమ్మ నమలడం ఆపి నన్ను చూసింది. మూడు భాషల్లో అరిచిన ఆ వరండాలోంచే వెనక్కి నడిచాను.

డాక్టరమ్మ గది ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. "ఇయ్యండమ్మా" అన్నాను. ఆమె ఎత్తిపొడవలేదు. "సరే. బిడ్డను చూడాలంటే ఆ రాగి కడియం తీసి, మోచేతుల దాకా కడుక్కొని రండి" అంది. ఏళ్లుగా తీయని కడియాన్ని సబ్బు రాసి లాగాను. దాని కింద నల్లని మురికి చార. తోటలో కూలీల గోళ్లు రోజూ తనిఖీ చేసిన చేయి అది.

ఫంగస్ రాలేదు. ఆ పూటంతా మందు ఆగినా బిడ్డకు ఏమీ కాలేదు. కాకపోవడంలో నా గొప్ప ఏమీ లేదు. తర్వాత ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. తిట్టి ఉంటే మళ్లీ వాదించి తేలికపడేవాణ్ణి. ఏళ్లు గడిస్తే సిగ్గు అరిగిపోతుందంటారు. నాది మాత్రం ఆ పిల్లతో పాటే ఎత్తు పెరుగుతోంది.