కాగితపు ముద్ర కింద పోర్టు

పోయినవేమిటో ముందు చెబుతాను. ముప్పై నాలుగు ఆదివారాలు. రెండు గొడుగులు, రెండూ రైల్లోనే. ఎడమకాలి చెప్పు ఒకటి, హైదరాబాద్ స్టేషన్లో జనం తోసుకుంటుంటే పట్టాల మధ్య పడింది. ఎండకు వంగిపోయిన ఫ్లాపీ ఒకటి. అక్క కోసం కొన్న సీతాఫలాలు ఒక బుట్టెడు, ఆమె చేతికి అందకుండానే పండి నీరైపోయాయి. గొడుగులు, చెప్పు, ఫ్లాపీ, పళ్లు నా అజాగ్రత్త వల్ల పోయాయి. వాటిని ఎవరి మీదా వేయను. ఆదివారాల సంగతి వేరు. అవి నేను పారేసుకున్నవి కావు, నా దగ్గర్నుంచి తీసుకున్నవాళ్లు ఉన్నారు.

నేను తాండూరులో ఒక బండల డిపోలో లెక్కలు చూసేదాన్ని. చదువు ఏడో తరగతితో ఆగింది. మా నాన్న అదే డిపోలో బండలు కొలిచేవాడు. అరవై తొమ్మిదిలో ఆయన కుడిచేతి మీద బండ జారిపడి వేళ్లు పనికిరాకుండా పోయాయి. ఆయన కొలుస్తుంటే పక్కన కూర్చుని రాయడానికి వెళ్లాను. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. నాన్న పోయాక కూడా ఆ కుర్చీలోనే ఉండిపోయాను. పొడవూ వెడల్పూ చెబితే కాగితం లేకుండా చదరపుటడుగులు చెప్పేదాన్ని కాబట్టి సేటు నన్ను లెక్కలమ్మ అనేవాడు. ఇంట్లో నేనూ అక్కా ఇద్దరమే.

ఎనభై ఏడులో అక్కకు ఊపిరితిత్తుల జబ్బు చేసి వికారాబాద్ దగ్గర గుట్ట మీది ఆసుపత్రిలో చేర్చాం. ఏడాది ఉండాలన్నారు. ఆదివారం మధ్యాహ్నం మాత్రమే చూడనిచ్చేవాళ్లు. సరిగ్గా ఆ నెలలోనే సేటు కొడుకు బొంబాయిలో ఎవరి ఆఫీసులోనో చూసి, హైదరాబాద్ నుంచి కంప్యూటర్ తెప్పించాడు. దాన్ని చిత్రాలున్న పుస్తకం ముందు పెట్టుకుని నేనే నేర్చుకున్నాను. బండల కొలతలు, బిల్లులు అందులో ఎక్కించడం నా పనైంది. కాగితం మీదికి తీయడానికి మాత్రం ప్రింటర్ లేదు. అమ్మినవాడు చెప్పిన ధర విని సేటు కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

ఆ కంప్యూటర్ వెనక, వైర్లు తగిలించే చోట, ఒక పోర్టు మీద కాగితం అంటించి ఉంది. ఎర్ర సిరాతో గుండ్రటి ముద్ర, అడ్డంగా ఒక సంతకం. అమ్మినవాడు మరీమరీ చెప్పి వెళ్లాడు.

"మేడమ్, ప్రింటర్ పెట్టే జాగ అది. మా ప్రింటర్ తప్ప ఏది పెట్టినా లోపల కాలిపోతది. గందుకే సీల్ వేసినం. అంతదనుక బిల్లులు మా దుకాణంల తీసిస్తం. పేజీకి ఇంత అని ఇస్తే చాలు. ఆదివారమైతే మాకు వేరే గిరాకీ ఉండదు."

సేటుకు ఆ ముద్ర చూస్తేనే గుండె జారింది. కారణం ఉంది. మా వ్యాపారంలో బండలు కొలిచే ఇనుప కడ్డీ మీదా, సున్నం తూచే కాంటా మీదా ఏటేటా తూనికల ఇన్‌స్పెక్టర్ ముద్ర వేయాలి. ఆ ముద్ర చెడితే దుకాణం మూయాల్సిందే.

"లెక్కలమ్మా, దానికి చెయ్యి పెట్టకు. మా నాయిన కాంటా ముద్ర తెగిందని పదిహేను దినాలు దుకాణం బందు వెట్టించిన్రు."

"ఇది కాంటా కాదు గద సేటు."

"కాంటా కాకపోతె ఏంది, లెక్క చెప్పేదే గద! లెక్క చెప్పేదానికి సర్కారు ముద్ర ఉంటది."

"పోనీ చేత్తో రాస్త. జరసేపటి పని."

"ఇంత పైస పోసి డబ్బా కొన్నంక చేత్తోని రాస్తవా? మన బండలు కొనే బొంబాయోళ్లు నవ్వుతరు!"

అలా మొదలయ్యాయి ఆదివారాలు. పొద్దున తాండూరులో ప్యాసింజర్ ఎక్కేదాన్ని. చేతిసంచిలో, బిల్లులు ఎక్కించి గుడ్డలో చుట్టిన ఫ్లాపీలు. వికారాబాద్ స్టేషన్లో బండి ఆగేది. గుట్టకు పోయే జనం పళ్లతో, టిఫిన్ డబ్బాలతో అక్కడ దిగేవాళ్లు. నేను కిటికీ దగ్గరే కూర్చుని ఉండేదాన్ని. హైదరాబాద్‌లో బిల్లులు చేతికొచ్చేసరికి సాయంత్రమయ్యేది. తిరిగి వచ్చేటప్పుడు అదే స్టేషన్లో దీపాలు వెలుగుతుండేవి.

ఒక్కసారి మాత్రం హైదరాబాద్ దుకాణంలో కరెంటు పోయి తొందరగా బయటపడ్డాను. వికారాబాద్‌లో దిగి, బస్సు పట్టుకుని గుట్ట ఎక్కేసరికి గేటు వేసేశారు. కాపలాదారు తలుపు తీయలేదు గాని, అరిచి పిలవడానికి ఒప్పుకున్నాడు. అక్క వరండాలోకి వచ్చి కటకటాలు పట్టుకుంది.

"ఏందే, తొవ్వ తప్పినవా?"

"డబ్బా పనికి పోతున్నక్కా!"

"ఆ డబ్బాకన్న నేనే నయం కదనే! ఒక్క సూదితోని పని ఎల్తది నాకు!"

పక్క మంచాలవాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వబోయి దగ్గులో పడింది. నర్సు లోపలికి తీసుకుపోయింది. ఆ రోజు బస్సులో నేను ఏడవలేదు. కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియక, సేటు మీదా, డబ్బా మీదా, రైలు మీదా వంతులవారీగా వచ్చింది.

ఎవరి మీద రావాలో తర్వాత హైదరాబాద్‌లోనే తెలిసింది. దుకాణంలో ఆ రోజు వేరే కంపెనీల కంప్యూటర్లు రెండు బాగుచేయడానికి వచ్చి ఉన్నాయి. మాకు డబ్బా అమ్మినవాడు తన ప్రింటర్ వైరును ఒక దాని నుంచి పీకి రెండో దానికి గుచ్చాడు. రెండూ పనిచేశాయి.

"వేరేవాళ్లది పెడితే కాలిపోతది అన్నరు?" అన్నాను.

"అది వేరే మేడమ్."

"వైరు గుచ్చే నోరు అన్నిటికి ఒక్క తీరే ఉన్నది గద?"

"మీకు సమజ్ కాదు లెండి."

సమజ్ కాకపోవడానికి అందులో ఏముంది? చూసింది వచ్చి సేటుకు చెప్పాను. ఆయన ముద్ర వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

తర్వాతి వారం కాంటాకు ముద్ర వేయడానికి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పని అయ్యాక సేటు ఆయన్ను చేయి పట్టి నడిపించినట్టుగా లోపలికి తీసుకొచ్చాడు.

"సార్, గిది గూడ చూడున్రి. వచ్చిన కాడికెల్లి ఎవ్వలం ముట్టలే."

ఇన్‌స్పెక్టర్ వంగి, కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఎవరి ముద్ర ఇది?"

"మీదే గద సార్."

ఆయన నవ్విన నవ్వుకు బయట బండలు దించుతున్న కూలీలు పని ఆపి చూశారు. "సేటూ, మా ముద్ర సీసంది ఉంటది, కొడితే గుంట పడ్తది. గిది ఎవడో నాలికతోని తడిచేసి అంటించిండు. దీనికీ నాకూ ఏం సంబంధం లేదు."

ఇన్‌స్పెక్టర్ వెళ్లిపోయాడు. సేటు ముఖం కడుక్కుని వచ్చాడు. అయినా భయం పోలేదు.

"సర్కారుది కాకున్నా కంపెనోనిది గద. కాలితె?"

"నా జీతంల కోసుకో."

"నీ జీతంల కోస్తే ఎన్నేండ్లు పడ్తదో ఎరుకేనా?"

"పదకొండేండ్లు. లెక్క చూసిన."

"కాలినంక నిన్ను పనిల ఉంచుకుంటనా? ఇంగ కోసుడేంది?"

"ఉంచుకోకు. ఈ ఆదివారం మాత్రం నేను హైదరాబాద్ పోను సేటు. గుట్ట మీదికి పోత. అక్క దగ్గరికి."

నేను బొటనవేలి గోరుతో కాగితం అంచు లేపాను. బంక ఎండిపోయి ఉంది, పెళుసుగా లేచింది. సేటు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కాగితం కింద ఏముంది? రెండు వరసల బెజ్జాలు, పైన పదమూడు, కింద పన్నెండు. హైదరాబాద్ దుకాణంలో ఆ రెండు కంప్యూటర్ల వెనక చూసినవే. ఏ తేడా లేదు.

అప్పుడు నాకు మా ఇనుప కడ్డీ గుర్తొచ్చింది. తాండూరులో కొలిచిన అడుగు బొంబాయిలోనూ అడుగే కావాలని కదా ఆ కడ్డీకి ముద్ర వేసేది. ఈ పోర్టు కూడా అలాంటిదే. ఎవరు చేసిన ప్రింటరైనా ఎవరు చేసిన కంప్యూటర్‌కైనా అతకాలని, బెజ్జాలెన్నో, ఏ బెజ్జంలో ఏ తీగ పని చేస్తుందో ముందే ఒక కొలతకు ఒప్పుకుని చేశారు. మాకు అమ్మినవాడు ఆ అందరి కొలత మీద తన కాగితం అంటించుకున్నాడు. మేం దానికి దండం పెడుతూ కూర్చున్నాం.

ప్రింటర్ కోసం దూరం పోవలసిన పని పడలేదు. రెండు గల్లీల అవతల టైపు నేర్పే మాస్టరుగారు వేరే కంపెనీ ప్రింటర్ కొని పెట్టుకున్నారు. ఆయనకు కంప్యూటర్ ఇంకా రాలేదు. అడగ్గానే నవ్వారు.

"తీస్కపో బెహన్. నా కాడ తోక ఉన్నది, తలకాయ లేదు. మీ కాడ తలకాయ ఉన్నది. అరే, ఇన్ని దినాలు ఎందుకు అడగలే?"

ఎందుకు అడగలేదో చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఇన్ని నెలలూ ఆ ప్రింటర్ గుడ్డ కప్పుకుని రెండు గల్లీల దూరంలోనే ఉంది.

మాస్టరుగారే మోసుకొచ్చారు. రెండింటికీ కరెంటు తీసేసి, వైరు ఒక కొన ప్రింటర్‌కు పెట్టి క్లిప్పులు బిగించారు. రెండో కొన పోర్టులో నేను పెట్టాను. వంకర లేకుండా, బలం అక్కర్లేకుండా దిగింది. కరెంటు ఇచ్చి బిల్లు తీయమన్నాను. ప్రింటర్ ఒక్కసారి కదిలి, గీరుతున్నట్టు చప్పుడు చేస్తూ బొంబాయి కాంట్రాక్టర్ పేరు కొట్టింది. సేటు వచ్చి డబ్బా వెనక ముక్కు పెట్టి వాసన చూశాడు.

"కాలుతలే గద?"

"కాలుతున్నది సేటూ, నా కడుపు," అన్నాను.

ఆ ఆదివారం వికారాబాద్‌లో దిగాను. అక్క నన్ను చూసి పక్క మంచం ఆవిడతో, "గీమె మా చెల్లె. అచ్చం గిట్లనే ఉంటదని యాదికున్నది," అంది. సాయంత్రం గంట కొట్టేదాకా ఆమె జడ చిక్కులు తీశాను.

మేం రావడం మానేశామని రెండు వారాల తర్వాత అమ్మినవాడు తాండూరు వచ్చాడు. కాగితం పోయిన పోర్టులో వేరే కంపెనీ వైరు చూసి ముఖం ఎర్రబడింది.

"సీల్ తీసిన్రు. ఇగ గ్యారంటీ లేదు మేడమ్."

"ఉన్నప్పుడు ఏం చేసింది అది?"

"మా మీద నమ్మకం ఉండాలె గదా."

"నమ్మినం గాబట్టే నువ్వు నాకు ఆదివారాలు బాకీ పడ్డవు. ఎట్ల కడ్తవు?"

అతను సేటు వైపు చూశాడు. సేటు కొత్త బిల్లుల దొంతర సరిచేసుకుంటూ, "లెక్కలన్నీ ఆమెవే, ఆమెనే అడుగు," అన్నాడు. అతను నవ్వి, సంచిలోంచి ప్రింటర్ రిబ్బన్లు రెండు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఊరికెనే తీసుకోండి మేడమ్."

"ఆదివారాలకు రిబ్బన్లు చెల్లవు. తీస్కపో."

తీసుకుపోయాడు. మళ్లీ రాలేదు. ఆ కంప్యూటర్ మాత్రం ఏ గ్యారంటీ లేకుండానే మేం పెట్టిన ప్రతి ప్రింటర్‌తోనూ పనిచేసింది.

అక్క నయమై ఇంటికొచ్చింది. ఇప్పుడూ నాతోనే ఉంది. ఈ బాకీ దగ్గర మాత్రం మా ఇద్దరికీ లెక్క కుదరదు. ముప్పై నాలుగులో రెండు ఆదివారాలు ఆసుపత్రిలోకి ఎవరినీ రానివ్వలేదు కాబట్టి అవి తీసేశాను. దానికి ఆమె ఒప్పుకుంది. గేటు దగ్గర నిలబడి మాట్లాడిన రోజుకు సగం తీసేస్తానంటే మాత్రం ఒప్పుకోదు.

"కటకటాలు పట్టుకొని అరిస్తె సగం ఆదివారం అయితదానే? పూర ముప్పై రెండు రాయి."

రాయను. అవతలివాడు లెక్క తప్పాడని నేనూ తప్పితే అడిగే హక్కు పోతుంది. ఆమె ముఖం చూశాను, గొంతు విన్నాను, అది సగమే.

బాకీ ముప్పై ఒకటిన్నర.