కొబ్బరి దేశాల మా మరిదిగారు

మా మరిదిగారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను పాలు పొయ్యి మీద పెట్టి, ఆస్పత్రిలో ఆయనకు దుప్పటి సరిగ్గా కప్పారో లేదో అని ఆలోచిస్తున్నాను. అమలాపురం నుంచి వాళ్ళ అల్లుడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పాలు పొంగిపోయాయి.

నేను నాలుగో తరగతి చదివినదాన్ని. ఆయన ఉద్యోగం గురించి చదువుకున్నవాళ్ళు నాకంటే బాగా రాస్తారు. నాకు తెలిసిందల్లా మా రెండు తోటల మధ్య జరిగినదే. అదైనా తప్పు రాస్తానేమోనని బెంగగానే ఉంది.

ఆయన మా వారి తమ్ముడు. కొబ్బరి పరిశోధన ఆఫీసులో పనిచేసేవారు. మా వారు కాలం చేశాక, రోజూ ఆఫీసుకు వెళ్తూ మా గుమ్మం ముందు సైకిలు దిగి, "ఏవండీ వదినగారూ, ఇవాళ దేనికండీ బెంగ?" అని అడిగేవారు. గాలి ఎక్కువగా ఉందనో, ఆవు సరిగ్గా మేయడం లేదనో చెప్పేదాన్ని. "ఆయ్, అయితే మిగతావన్నీ బాగున్నట్టేనండి" అని మళ్ళీ సైకిలెక్కేవారు. ఆ మాటతో ఆ పూటకి నా మనసు కుదుటపడేది.

కొబ్బరి పండించే దేశాల ప్రభుత్వాలన్నీ కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయని మొదట ఆయన నోటే విన్నాను. డెబ్భైల చివర్లో ఆ సంఘం సమావేశానికి మన దేశం తరఫున వెళ్ళినవాళ్ళలో ఈయన కూడా ఒకరు. విమానం సముద్రం మీద వెళ్తుందని తెలిశాక నాకు అన్నం సహించలేదు. వాము, శొంఠి, మాగాయ మూటగట్టి ఇచ్చాను. అక్కడ ఎవరితోనూ వాదన పెట్టుకోవద్దని చెప్పాను. "వాదించడానికేనండి పంపిస్తున్నారు" అన్నారాయన.

తిరిగొచ్చాక మా అరుగు మీద కూర్చుని చెప్పారు. "పెద్ద బల్ల వేసేరండి. పెద్ద దేశం, చిన్న దేశం అని లేదు, అందరికీ ఒకే రకం కుర్చీలు. మన తాలూకా అంత లేని దీవి నుంచి వచ్చినాయన లేచి మాట్లాడితే అందరం రాసుకున్నాం. ఇంకో మాటండి వదినగారూ, ఎవరింటికెళ్ళినా కొబ్బరి కోరాము మన కోరాము లాగే ఉంది. పీట మీద కూర్చుని తురుముకోవడమే."

"మరి పెద్ద పెద్ద దేశాల్ని అడగొచ్చు కదండీ, వాళ్ళ దగ్గర అన్నీ ఉంటాయంటారు" అన్నాను.

"వాళ్ళని అడగాలంటే చెయ్యి చాపాలండి. ఇక్కడ అందరం లేనివాళ్ళమే. మీరు గిన్నె పట్టుకుని పక్కింటికి తోడుకి వెళ్తారు చూడండి, ఇదీ అంతే. దానికి సిగ్గేంటండి?"

పెరుగు నిండుకుంటే పక్కింట్లో గరిటెడు తోడు అడగడం, వాళ్ళది నిండుకున్నప్పుడు మనం ఇవ్వడం మాకు అలవాటే. దేశాలు కూడా అలా చేస్తాయని నాకు అప్పుడే తెలిసింది.

ఆ రోజుల్లో మా తోటలకు కొమ్ము పురుగు పట్టింది. నల్లటి పురుగు, ముక్కు మీద కొమ్ము. మొవ్వులోకి దొలుచుకుపోయి, ఇంకా విచ్చుకోని ఆకును లోపలే కొరికేస్తుంది. ఆకు విచ్చుకునేసరికి కత్తెరతో కోసినట్టుంటుంది. ఇనప చువ్వతో పురుగుల్ని లాగించాం, మొవ్వుల్లో ఇసుకా ఉప్పూ వేయించాం. అయినా చెట్లు ఒక్కొక్కటే తలలు వాల్చేశాయి. నాకు ఆ తోట తప్ప ఇంకో ఆధారం లేదు. పొద్దున్నే లేచి తలెత్తి చూడాలంటే భయం వేసేది.

ఎనభైల మొదట్లో ఒకరోజు మరిదిగారు వచ్చి, మామూలుగా నా బెంగ సంగతి అడక్కుండా, తన మాటే చెప్పారు. ఎక్కడో దీవుల్లో ఈ పురుగుకే వచ్చే ఒక జబ్బును కనిపెట్టారట. ఆ సంఘం ద్వారా అది మన దేశానికీ అందిందట. పురుగుల్ని పట్టి, ఆ జబ్బు అంటించి, మళ్ళీ తోటలోనే వదలాలి. అవి వెళ్ళి మిగతా వాటికి అంటిస్తాయి. చెట్టుకి గానీ, గొడ్డుకి గానీ, మనిషికి గానీ ఏమీ కాదు.

"చచ్చీ చెడీ పట్టిన పురుగుల్ని మళ్ళీ వదలడమేంటండీ?" అన్నాను.

"నా తోటలో ముందు వదుల్తానండి. కానీ మన రెండు తోటల మధ్యా ఉన్నది ఒక్క సరిహద్దు రాయే. పురుగుకి ఆ రాయి తెలీదు. మీ వైపు కూడా వదలకపోతే ఎంత చేసినా లాభం లేదండి. దేశాలు కూడా అందుకే కలిసేయి."

"మీకు భయం లేదా?"

సైకిలు తాళం చేతిలో అటూ ఇటూ తిప్పారు. "ఉందండి. అందుకే ఊళ్ళోవాళ్ళని అడక్కుండా మిమ్మల్ని అడుగుతున్నాను."

ఆయన భయం చూశాకే నేను ఒప్పుకున్నాను. ధైర్యంగా మాట్లాడి ఉంటే ఒప్పుకునేదాన్ని కాదు.

సరిగ్గా దీపాలు పెట్టే వేళకు పురుగుల డబ్బా పట్టుకుని వచ్చారు. "దీపాలు పెట్టాక తోడు ఇవ్వరు, పుచ్చుకోరు, తెలీదా?" అన్నాను. "నిజమేనండి. కానీ ఇవి ఎగిరే వేళ ఇదే. ఈ ఒక్కసారికి లక్ష్మీదేవికి నేను సర్దిచెప్పుకుంటాను" అని మూత తీశారు. బర్రుమని ఒక్కొక్కటే లేచి నా చెట్లలోకి పోయాయి. నేను కొంగు నోట్లో కుక్కుకుని చూశాను.

తెల్లారేసరికి ఊరంతా పాకింది. పక్క తోట కామందుగారు గట్టు మీద నిలబడి, "ఏవమ్మా, పురుగుల్ని పెంచుతున్నారంట. మా తోటకి చుట్టపుచూపుగా వస్తాయేంటి?" అన్నారు. తర్వాత కొన్నాళ్ళు ఆకులు ఇంకా కోతలతోనే వచ్చాయి. మరిదిగారు రోజూ వచ్చి, ఆ పురుగులు గుడ్లు పెట్టే పెంట కుప్పలు తవ్వి, జబ్బు అంటిందేమోనని చూసుకునేవారు. మనిషి సగమైపోయారు. అప్పుడు గుమ్మంలో సైకిలు ఆపింది ఆయనే అయినా, "ఇవాళ దేనికండీ బెంగ?" అని అడిగింది నేను. "మీ ఒక్కరి గురించేనండి" అన్నారు.

వానలు వెళ్ళాక ఒక పొద్దున్న సరిహద్దు రాయి పక్కనున్న చెట్టుకు కొత్త ఆకు విచ్చుకుంది. ఎక్కడా కోత లేదు. నాకు నమ్మకం కుదరక మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. మరిదిగారూ వచ్చి చూశారు. చెట్టు మొదట్లో కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగారు. మరుసటి ఏడు కామందుగారే వచ్చి, "మాక్కూడా కాసిని పురుగులు ఇప్పించండమ్మా" అన్నారు.

ఆ తర్వాత ఆ సంఘం పంపగా ఇంకో చిన్న దీవుల దేశం నుంచి ఒకావిడ మా తోట చూడడానికి వచ్చింది. నాకు ఆవిడ భాష రాదు, ఆవిడకు నాది రాదు. మజ్జిగ ఇచ్చాను. నా కోరాము చూసి, పీట మీద కూర్చుని చకచకా ఒక చిప్ప తురిమి నవ్వింది. వాళ్ళ చెట్లకూ అదే పురుగని మరిదిగారు మధ్యలో ఉండి చెప్పారు. ఎలా అంటించాలో, ఎప్పుడు వదలాలో అన్నీ నేర్చుకుంది. వెళ్ళేటప్పుడు మా కుప్పలో దొరికిన జబ్బు పురుగుల్ని తీసుకెళ్తానని ఆయనచేత అడిగించింది. అప్పటికే దీపం పెట్టాను. అయినా నా చేత్తోనే డబ్బా అందించాను. మరిదిగారు నా వంక చూసి, "చూసేరా, మనం కూడా ఇచ్చేవాళ్ళమయ్యేం" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం ఎలా వెలిగిందో రాయడం నాకు చేతకాదు.

మొన్న ఆయన పాడె మీద పరచడానికి నా తోటలోంచి పచ్చి మట్టలు కొట్టించారు. సరిహద్దు చెట్టువే. మైలలో ఉన్నానని కూడా మరచి, ఒక మట్ట నా ఒళ్ళోకి లాక్కుని మొదలు నుంచి కొస దాకా ఆకులన్నీ తడిమాను. అలవాటు, ఏం చెయ్యను. ఎక్కడా కోత లేదు. అప్పుడు ఇచ్చాను.

రెండు తోటల మధ్య గట్టు మీంచే ఆయనను తీసుకెళ్ళారు. ఆకుల కొసలు సరిహద్దు రాయిని రాసుకుంటూ, అటు కొంచెం, ఇటు కొంచెం ఊగుతూ వెళ్ళాయి.