పది మీటర్ల గాలి

నా పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఫిబ్రవరి నెలలో ఒక ఆదివారం భిలాయిలో ట్రయాథ్లాన్ రాష్ట్ర జట్టు ఎంపిక పోటీ జరిగింది. అక్కడి ఉక్కు ప్లాంటు క్రీడా విభాగంలో ఈత కోచ్‌గా ఉన్న నన్ను ఆ రోజుకు మోటారు రెఫరీగా వేశారు. అంటే బైకు వెనక కూర్చుని, సైకిలు తొక్కే ఆడపిల్లలు నియమం తప్పుతున్నారేమో చూడాలి. పైన చీఫ్ రెఫరీ ఉంటారు కానీ రోడ్డు మీద నిర్ణయం నాదే. దాని మీద అప్పీలు లేదు.

ట్రయాథ్లాన్‌లో ఈత, సైకిలు, పరుగు వరసగా ఉంటాయి. ముందువాళ్ల చక్రానికి అతుక్కుని తొక్కితే ఎదురుగాలి తగలక కాళ్లకు బోలెడు శ్రమ తప్పుతుంది. దీన్ని డ్రాఫ్టింగ్ అంటారు. మా పోటీలో అది నిషిద్ధం. ముందు సైకిలుకు పది మీటర్ల ఎడం ఉండాలి. దాటదలిస్తే ఇరవై సెకన్లలో దాటాలి, లేదా వెనక్కి తగ్గాలి. తప్పితే విజిల్ వేసి నంబరు పిలిచి నీలం కార్డు చూపిస్తాం. కార్డు పడ్డవాళ్లు పెనాల్టీ బాక్సులో రెండు నిమిషాలు నిలబడాలి.

ఆ పోటీలో గౌరి ఉంది. ఊళ్లోని క్యాంప్ 1 బస్తీ అమ్మాయి. వాళ్ల నాన్న అప్పలనాయుడిది ప్లాంటులోనే, కోక్ ఓవెన్స్ విభాగంలో ఉద్యోగం. ఆరేళ్లు నా దగ్గరే ఈత నేర్చుకుంది. జట్టులో మూడే చోట్లు. వయసు నిబంధన వల్ల గౌరికి అదే ఆఖరి అవకాశం. ఆమెకు నేనే నేర్పానని ముందే చీఫ్ రెఫరీకి చెప్పి, మగపిల్లల వైపు వేయమని అడిగాను. అధికారులు చాలలేదు, మీరే చూడండి అన్నారాయన.

సైకిలు నాలుగు చుట్లు. చెట్ల నీడ అయిపోయి రోడ్డు బయలు మీదికి వచ్చేచోట ఎదురుగాలి కొడుతుంది. రెండో చుట్టులో అక్కడే గౌరి పద్నాలుగో నంబరు వెనక చేరింది. ఎడం మూడు మీటర్లు కూడా లేదు. వాచీ చూస్తూ లెక్కపెట్టాను. ఇరవై దాటింది, ముప్పై దాటింది. విజిల్ వేసి కార్డు చూపించాను. గౌరి ఒక్కసారి నా మొహం చూసి, తలూపి, వెనక్కి తగ్గింది.

మలుపు దగ్గర మా బైకు నెమ్మదించగానే అప్పలనాయుడు అడ్డొచ్చాడు.

"ఏటండి మేడమ్‌గారూ, మా పిల్లొక్కర్తే అగుపించిందా మీకు? ముందర నలుగురు గొలుసు కట్టినట్టు ఎల్తన్నారు, ఆళ్లనెవులు సూస్తారండి?"

చూడ్డానికొచ్చిన వాళ్లతో అధికారులు మాట్లాడకూడదు. కానీ ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఒకటిన్నర చుట్టు నుంచి నేను గౌరి చుట్టుపక్కలే తిరుగుతున్నాను. మనవాళ్లను వెనకేసుకొచ్చిందన్న మాట పడకూడదని ఆమెనే కనిపెట్టుకుని ఉన్నాను. ముందుకు వెళ్లనే లేదు.

బైకు నడిపే సాహు భయ్యా వెనక్కి తిరిగి, "దీదీ, ఆగే చలే?" అని ముందుకు పోదామా అన్నట్టు అడిగాడు. చలో అన్నాను.

అప్పలనాయుడు చెప్పింది నిజమే. నలుగురూ ఒకే శిక్షణ కేంద్రం పిల్లలు, చక్రానికి చక్రం ఆనించి వంతులవారీగా ముందుకొస్తున్నారు. ముందున్నవాళ్లది తప్పు కాదు, వెనకవాళ్లదే. లెక్కపెట్టి ముగ్గురికి కార్డులిచ్చాను. మూడో చుట్టులో వంతు మారి నాలుగో అమ్మాయి వెనక్కి చేరినప్పుడు ఆమెకూ ఇచ్చాను.

వాళ్ల మేనేజరు చీఫ్ రెఫరీ టెంటులో నానా యాగీ చేశాడు. లోకల్ పిల్ల కోసం ఇదంతా అన్నాడు. నా నోట్‌బుక్ తీసి వరస చూపించాను: నంబరు, చోటు, సెకన్లు. అందులో మొదటి పద్దు గౌరిది. ఆయన గొంతు తగ్గింది. చీఫ్ రెఫరీ సంతకం పెట్టారు.

గౌరి పెనాల్టీ బాక్సులో రెండు నిమిషాలూ నిలబడింది. పరుగులో ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చి మూడో స్థానంలో ముగించింది. నా ఉద్యోగంలో నేను అంత గర్వపడిన రోజు మరొకటి లేదు.

మర్నాడు అప్పలనాయుడు సెక్టర్ 2లో మా క్వార్టరుకు వచ్చాడు.

"చిన్నప్పట్నించీ నా ఎనకాలే తొక్కించీవోణ్నండి. డూటీకెల్లినప్పుడు మేమూ అంతే, గట్టోడు ముందర గాలి కాస్తాడు. ఆ అలవాటు నాదేనండి, పిల్లది కాదు," అన్నాడు.

డ్యూటీకి అందరూ చేరాలి, పోటీలో ఎవరి సత్తా ఎంతో తేలాలి, అందుకే ఎవరి గాలి వాళ్లే కాచుకోవాలి అని చెప్పాను. తలూపాడు.

వెళ్తూ వెళ్తూ, "ముందు మా పిల్లకే కార్డిచ్చినారు, అందుకే ఆ మేనేజరు నోరు పడిపోనాది," అని మెచ్చుకున్నాడు.

ఆ మెప్పు నాకు చెల్లదు. గౌరికిచ్చిన కార్డు సరైనదే, కానీ నన్ను ఆమె దగ్గరే నిలిపింది న్యాయం కాదు, భయం. మొదటి ఒకటిన్నర చుట్టులో ముందువాళ్లను చూడలేదని నా నివేదికలో నేనే రాసిచ్చాను. తర్వాత ప్రతి పోటీలోనూ ముందు నుంచి చివరిదాకా వరసంతా ఒకసారి చూశాకే విజిల్ నోట పెట్టాను. మనవాళ్లను చూసీ చూడనట్టు వదిలేయడమే పక్షపాతం అనుకునేదాన్ని. మనవాళ్లనే చూస్తూ ఉండిపోవడం కూడా పక్షపాతమే.