చెక్క మీద పాసైన ప్రోగ్రాం

తొంభైల్లో ఖతార్‌లోని సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా ఉండేవాణ్ణి. మెషీన్లను నడిపే ప్రోగ్రాం రాయడం లైబ్రరీ పుస్తకాలు చదివి సొంతంగా నేర్చుకున్నానని నాకు చాలా గర్వం.

ఇటుకలు నొక్కే ప్రెస్సుకు కొత్త ప్రోగ్రాం రాశాను. పుస్తకంలో చెప్పినట్టే ఒక చెక్కకు స్విచ్చులు, బల్బులు బిగించి, దాన్నే ప్రెస్సు అనుకుని వారం రోజులు పరీక్షించాను. పాత ప్రోగ్రాంలో ప్రతి ఇటుక తర్వాత మెషీన్ రెండు సెకన్లు ఆగేది. అది దండగని తీసేశాను. చెక్క మీద ఒక్క తప్పూ రాలేదు.

"పాసయిందా తమ్మీ? యల్లా, ఇగ కానియ్యి, నడిపియ్యి" అన్నాడు ప్రెస్సు దగ్గర పనిచేసే కరీంనగర్ సలీమన్న.

పది నిమిషాలకే అతని కేక వినిపించింది. కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి.

"నడిచే మెషీన్ల చెయ్యెందుకు పెట్టినవన్నా?" అని ఆస్పత్రిలో ఏడ్చాను.

"అంటుకున్న సిమెంటు రోజూ అట్లనే గీకుతుంటి తమ్మీ. జర సేపు ఆగుతుండె గద" అన్నాడు మెల్లగా.

నెల తిరక్కుండానే కంపెనీ అతన్ని ఇంటికి పంపేసింది. ఎయిర్‌పోర్టులో చేయి కలపబోయి ఆగి, ఎడమచెయ్యి నా భుజం మీద వేశాడు.

ఆ మెషీన్ గురించి దొరికిన పుస్తకాలన్నీ చదివాను. దాని దగ్గర సలీమన్న ఎలా పనిచేస్తాడో ఒక్క పూటైనా నిలబడి చూడలేదు.