అక్షరాలక్క అయిదో ప్రశ్న

మా కళ్లజోళ్ల దుకాణంలో నాతోపాటు పనిచేసే ఒకావిడ ముందు గదిలో చూపు పరీక్ష చేస్తుంది. నేను వెనక గదిలో అద్దాలు అరగదీస్తాను. గోడ మీది అక్షరాల పట్టిక ముందు జనాన్ని కూర్చోబెట్టి "కింది వరస చదవండి" అని రోజుకి నలభైసార్లు అంటుంది కాబట్టి ఆవిడకి అక్షరాలక్క అని పేరు పెట్టాను. పెట్టింది నేనే, పిలిచేదీ నేనొక్కణ్ణే. వాళ్లాయన పోయి ఆరేళ్లయింది. పిల్లల్లేరు. ఒక్క చెల్లెలుంది, దుకాణానికి నాలుగు స్టాపుల అవతల. ఇద్దరికీ మాటల్లేక పదకొండేళ్లు. ఎందుకో ఆవిడ చెప్పలేదు, నేనూ గుచ్చి గుచ్చి అడగలేదు.

"రోజంతా నా ముందు అందరూ చదివేవాళ్లే. చదివిందాని గురించి మాట్లాడేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు" అనేది. యాభై రెండో ఏట ఇంట్లో కూర్చుని చదువుకునే డిగ్రీలో చేరింది.

"ఈ వయసులో డిగ్రీ ఏం చేసుకుంటావక్కా, నెత్తిన పెట్టుకుంటావా?" అన్నాను.

"మాట్లాడ్డానికి నలుగురు మనుషులుంటారు కదరా" అంది.

ఆదివారం పొద్దున పదింటికి ఆన్‌లైన్ క్లాసు. వారానికొక కథ చదవాలి. ఒక్కో వారం ఒక్కో విద్యార్థి చర్చ నడపాలి. అయిదు ప్రశ్నలు తయారు చేసుకుని మిగతా ఇరవై మంది చేత మాట్లాడించాలి. మేడం ఊరికే విని మార్కులు వేస్తుంది. అక్షరాలక్క వంతు తొమ్మిదో వారం వచ్చింది.

నెల ముందు నుంచే హడావిడి. కథ ఇద్దరు అక్కచెల్లెళ్లది. ఏళ్ల తరబడి మాటల్లేని చెల్లెలి ఇంటికి అక్క బయల్దేరుతుందట. భోజనాల వేళ నా ఎదురుగా కూర్చుని కథ చదువుకునేది, ప్రశ్నలు రాసేది, కొట్టేసేది. నాకూ ఒక ప్రతి ఇచ్చి, "చదివి చెప్పరా, నాకు భయంగా ఉంది" అంది. ఆ కాగితాలు వారం రోజులు నా సంచి అడుగున నలిగాయి. "చదివానక్కా, చాలా బాగుంది" అనేశాను. అంతటితో ఒక పని అయిపోయిందనుకున్నాను.

ఆవిడ వంతు క్లాసు అయిన మర్నాడు, సోమవారం, వచ్చి కుర్చీలో కూలబడింది.

"నేను చదివింది ఈ వారం కథే కాదురా."

అంతకు ముందు వారం సెలవొచ్చి కథలన్నీ ఒక వారం వెనక్కి జరిగాయి. ఈవిడ జరపలేదు. ఆ వారం చదవాల్సింది ఎవరో గడియారాలు బాగుచేసే ఆయన కథట. మూడో ప్రశ్న అడిగాక కొత్తగా పంపిన కథల జాబితా చూసుకుంటే సంగతి బయటపడిందట.

"మరి వాళ్లేమన్నారు?"

"ఏమంటారు? పాత్రలు సజీవంగా ఉన్నాయన్నారు. మనసుకు హత్తుకుందన్నారు. బ్యాంకులో పనిచేసే ఒకాయనైతే రెండుసార్లు చదివానన్నాడు."

"మేడం?"

"చక్కగా నడిపావమ్మా అంది. పూర్తి మార్కులు వేసింది."

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఇరవై మంది, కెమెరాలు కట్టేసుకుని, తానా అంటే తందానా అన్నారన్నమాట. ఆవిడ నవ్వలేదు.

"నువ్వు చదివావుగా, నువ్వు చెప్పు. అంత దూరం వెళ్లి, ఆ అక్క తలుపు తట్టకుండా ఎందుకు తిరిగొచ్చేసింది?"

"అభిమానం అడ్డొచ్చి ఉంటుందక్కా" అన్నాను, తడుముకోకుండా.

"ఊఁ. క్లాసులోనూ అదే అన్నారు" అని లేచి, తలుపు దగ్గర నిలబడ్డ పెద్దాయన్ని పట్టిక ముందు కూర్చోబెట్టింది.

ఎందుకో మనసొప్పక ఆ సాయంత్రం ఇంటికెళ్లి సంచి దులిపి కథ చదివాను. తొమ్మిది పేజీలు, అరగంట కూడా పట్టలేదు. చివరి పేజీలో ఆ అక్క మెట్లెక్కింది. తలుపు మూడుసార్లు తట్టింది. చెల్లెలు తలుపు తీసింది. కథ అక్కడితో అయిపోయింది. గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు. ఇరవై మందిని చూసి నవ్వినవాణ్ణి, ఇరవై ఒకటోవాణ్ణి నేనే.

మర్నాడు భోజనాల వేళ చెప్పేశాను.

"అక్కా, ఆవిడ తలుపు తట్టింది."

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఎప్పుడు చదివావు?"

"నిన్న."

"పొరపాటు తెలిశాక, ఒక్కరైనా చదివారేమో చూద్దామని వాళ్లనీ అదే అడిగానురా. తట్టకపోవడమే సహజం అన్నారు, తట్టకపోవడంలోనే కథ ఉందన్నారు. తట్టింది కదండీ అని ఒక్కరూ అనలేదు." సంచిలోంచి ప్రశ్నల కాగితం తీసి నా ముందు పెట్టింది. "అయిదోది అడగనే లేదు."

చదివాను. 'తలుపు తీశాక మొదటి మాట ఎవరనాలి? ఏమనాలి?'

అది క్లాసు కోసం రాసిన ప్రశ్న కాదని నాకప్పుడు తెలిసింది. నెల రోజులు దీనికోసమే తయారైంది. ఇరవై మందిలో ఒక్కరికైనా తెలిసి ఉంటుందనుకుంది.

"నాకూ తెలీదక్కా" అన్నాను.

"పోనీలే. తెలీదన్నావు, అంతే చాలు."

సాయంత్రం దుకాణం మూసి ఇద్దరం బస్టాపులో నిలబడ్డాం. చెల్లెలి ఇంటి వైపు వెళ్లే బస్సు ముందొచ్చింది.

"నేను తోడొస్తాను పద, నాలుగు స్టాపులేగా" అన్నాను.

"వెళ్లి ఏమననురా?" అంది.

బస్సు కాసేపు ఆగి వెళ్లిపోయింది. తరవాత ఆవిడ రోజూ ఎక్కే బస్సొచ్చింది, ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. చదవకుండానే చదివానన్నందుకు క్షమించమని అడుగుదామని నేను కిటికీ దాకా వెళ్లాను. ఆవిడ నా వైపు చూసింది. మొదటి మాట ఏమనాలో తోచక, బస్సు కదిలేదాకా అలాగే నిలబడ్డాను.