అష్టమి నాడు పాతిన కొయ్య

నిన్న అమలాపురంలో ఒకరింట మంచినీళ్లిచ్చారు. నోట్లో పోసుకోగానే నాలుక చివర సన్నగా ఉప్పు తగిలింది. మర్యాదకి మింగేశాను. నేను ఏ బడిలో చదువుకున్నానో తెలిశాక ఆ ఇంటావిడ అందరూ చెప్పే కథే నాకూ చెప్పింది. రూతమ్మ అనే పంతులమ్మ ఆడపిల్లల చేత మగవాళ్ల పనులు చేయించి, పేటకున్న ఒక్క మంచినీళ్ల బావినీ చెడగొట్టిందట. ఇరవై ఏళ్లుగా వింటున్నాను ఈ కథ. ఇందులో బావి చెడిన మాట ఒక్కటే నిజం. చెడగొట్టింది ఆవిడ కాదు.

రూతమ్మ గారి భర్త ఆనకట్ట పనిలో నక్షాలు గీసేవారు. కాలువ తవ్వకాల్లో జ్వరం తగిలి ఆయన పోయాక, ఆవిడ ఆయన పనిపెట్టె పట్టుకుని మా పేట మిషను బడికి వచ్చారు. పెట్టెలో ఒక కొలబద్ద, ఒక కంపాసు, నీళ్లు పోసి మట్టం చూసే సన్నటి కొయ్యదోనె ఉండేవి. పై తరగతుల్లో మగపిల్లలకి పటం గీయడం, కొలతలు. ఆడపిల్లలకి వంట, కుట్టు. అది బడి పద్ధతి. ఆవిడకి ఆ పద్ధతి మింగుడుపడలేదు. మా చేత పొయ్యిని ముందు పలక మీద గీయించేవారు, గీసినదాన్ని మట్టితో కట్టించేవారు, కట్టినదాని మీద వండించేవారు. పొగ ఎటు పోతోందో చూసి మళ్లీ గీయమనేవారు. సంఘపెద్ద దావీదు గారు ఒకసారి అది చూసి, “చెయ్యి కాలితే వంటొస్తాది గానండీ, పలక అరిగితే వస్తాదా అండీ?” అన్నారు. “ఆయ్, చెయ్యి కాలకుండా వండే పొయ్యి గీస్తున్నామండీ,” అన్నారు ఆవిడ, తలెత్తకుండానే.

కూలి చేసుకునే ఇంట్లో పుట్టినదాన్ని నేను. వంటంటే రోత, పటాలంటే ప్రాణం. “నీకు నోరెక్కువ, గీత తక్కువ. గీత పెంచుకో, నోరు దానంతటదే తగ్గుద్ది,” అనేవారు రూతమ్మ గారు. గీత పెరిగింది. నోరు తగ్గలేదు.

బడి వంటశాల కడుగునీళ్లు బావి పక్క పల్లంలో బురదై నిలిచేవి. ఆవిడ సంఘం ముందు నిలబడి ఒక మాట అడిగారు. ఆ నీళ్లు ఉప్పుటేట్లోకి పోయేలా ఆడపిల్లలే కొలిచి, గీసి, బోదె తవ్వుతారు. అది సరిగ్గా పారితే పటాలూ మట్టాలూ ఇకమీదట వాళ్లకీ పాఠాలుగా పెట్టాలి. పెద్దలు సరేనన్నారు. మా చదువంతా ఆ బోదె మీదే ఆధారపడింది.

సముద్రం పోటుకి ఏటి నీళ్లు ఎంత ఎత్తుకి ఎక్కుతాయో చూసి, బోదె మూతి అంతకన్నా పైన పెట్టాలి. పోటు గుర్తు పెట్టి రమ్మని నన్నూ సత్తెమ్మనీ పంపారు. సత్తెమ్మ ఏటి మొగ దగ్గర చేపలు పట్టే వాళ్ల పిల్ల, నాకన్నా రెండేళ్లు చిన్న. నీళ్లు ఎక్కడిదాకా వచ్చి ఆగాయో అక్కడ నేను కొయ్య పాతాను.

“అక్కా, ఇయ్యాల అష్టమి. నీళ్లు సగం నిద్దర్లో ఉన్నాయి. అమావాస్యకి లేత్తాయి,” అంది సత్తెమ్మ.

“ఎంత లేస్తాయే? అంగుళాల్లో చెప్పు.”

“అంగుళాలు నాకేం తెలుసు. మా నాన్న పడవ కట్టే గుంజ మునుగుద్ది.”

“అయితే మీ నాన్న గుంజని పటంలో గీస్తాలే.”

వాదనలో గెలిచానని నేను హుషారుగా నడిచొచ్చాను. తక్కిన పిల్లల కొలతలన్నీ రూతమ్మ గారు తానే వెళ్లి రెండోసారి కొలిచారు. నా దగ్గరికొచ్చేసరికి, “నువ్వు చూశావు కదా, చాలు,” అన్నారు. ఆ పూట నా కాళ్లు నేల మీద నిలవలేదు.

నాలుగు రోజుల్లో తవ్వేశాం. దావీదు గారొచ్చి కుండెడు నీళ్లు పోయించి, అవి గలగలా పోతుంటే తల ఊపారు. తరువాత అమావాస్య వచ్చింది. మరో రెండు రోజులకి వంట పాఠంలో గంజి రుచి చూసి, “ఏమే, ఉప్పు రెండుసార్లు వేశావా?” అని సత్తెమ్మని కసిరాను.

“అసలెయ్యలేదక్కా.”

రూతమ్మ గారు నా చేతిలో గరిటె తీసుకుని రుచి చూశారు. గరిటె కింద పెట్టి బావి దగ్గరికి నడిచారు. పోటు మా బోదెలోంచే ఎదురెక్కి, బావి చుట్టూ పల్లంలో నిలిచి, లోపలికి దిగిపోయింది. ఎన్నిసార్లు తోడిపోసినా అవి మళ్లీ మంచినీళ్లు కాలేదు. ఊళ్లో బావుల్లో మా పేటవాళ్లు చేద వెయ్యకూడదు. ఆ వేసవి నుంచి మా అమ్మ కుండ పట్టుకుని ఊరి బావికి దూరాన కూర్చునేది, ఎవరైనా దయతలచి పోస్తారేమోనని. కొన్నాళ్లు పోసేవారు, కొన్నాళ్లు పోసేవారు కాదు.

సంఘం కూడింది. మమ్మల్ని వరసగా నిలబెట్టారు.

“మట్టం ఎవరు చూశారండీ?” అన్నారు దావీదు గారు.

“నేనేనండీ,” అన్నారు రూతమ్మ గారు.

“ఒక్క మగాణ్ణయినా అడక్కపోయేరా అండీ?”

“అడగలేదండీ. తప్పు నాదే.”

సత్తెమ్మ నాకేసి ఒక్కసారి చూసి తల దించుకుంది. ఎవరితోనైనా తగువుకి సిద్ధపడే నేను ఆ రోజు పెదవి విప్పలేదు. ఆడపిల్లల పటాల పాఠం అక్కడితో ఆగిపోయింది. వారం తిరక్కుండా రూతమ్మ గారు కాలువ పడవెక్కి రామచంద్రపురం వైపు వెళ్లిపోయారు. అక్కడ ఎవరింట్లోనో వంటమనిషిగా ఉంటూ అక్కడే చనిపోయారని చాలా ఆలస్యంగా తెలిసింది.

నేను చెన్నపట్నంలో ట్రైనింగు కాలేజీ చదువు చదివి, ఇప్పుడు అదే బడి నడుపుతున్నాను. ఆడపిల్లలకి పటాలు నేర్పనివ్వమని మూడుసార్లు అర్జీ పెట్టాను. మూడుసార్లూ బావి చూపించారు. మూడోసారి ఉండబట్టలేక, ఆ కొయ్య పాతింది నేనేనని సంఘంలో చెప్పేశాను. దావీదు గారు ముసలివారైపోయారు, చెవి మాత్రం బాగానే వినిపిస్తుంది. “ఆయ్, మేమన్నదీ అదేనండీ. ఆవిడ నేర్పితే మీరు చేసేరు,” అన్నారు చల్లగా. ఇరవై ఏళ్లు దాచుకున్న నిజం వాళ్లకే పనికొచ్చింది.

ఇప్పుడు నా బడిలో ఏ పిల్ల ఏది కొలిచినా, చివరికి బియ్యం కొలిచినా, నేను మళ్లీ కొలుస్తాను. బాగా చదివే పిల్లదైతే మూడోసారి కూడా. వాళ్లు నన్ను తిట్టుకుంటారని తెలుసు. తిట్టుకోనీ. ఆవిడ మీద నాకు భక్తి ఉంది, దానికింద కోపమూ ఉంది. ఏది ఎక్కువో చెప్పలేను. రూతమ్మ గారూ, అందరి కొలతా మళ్లీ చూశారు కదా. నాది ఒక్కటీ ఎందుకు చూడలేదండీ?