రంగుల గుట్టల్లో మల్లేశ్

ఈ రోజు సెలవు కదా అని నా రూమ్మేట్ మల్లేశ్‌ను తీసుకుని రియాద్ బయట ఎడారిలోని రంగుల గుట్టలు చూడటానికి వెళ్లాను. ఎరుపు, పసుపు, ఊదా చారల మధ్య కాసేపు నడిచాం. ఒక మలుపు తిరిగేసరికి, కింద మా కారు పక్కన పోలీసు జీపు కనిపించింది. మల్లేశ్ మొహం పాలిపోయింది. కంపెనీ ప్రభుత్వానికి కట్టాల్సిన లెవీ మానేయడంతో అతని ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, గడువు దాటిపోయింది. దొరికితే జైల్లో పెట్టి ఇంటికి పంపించేస్తారు.

"నువ్వు పో అన్నా, నేనీడనే దాక్కుంట" అంటూ ఇరుకు సందులోకి దూరిపోయాడు.

నేను ఒక్కడినే దిగాను. పోలీసాయన నా ఇఖామా అడగనే లేదు. గాలిదుమారం వస్తోంది, త్వరగా వెళ్లిపొమ్మని చెప్పి జీపెక్కాడు. పరుగున పైకి వెళ్లి మల్లేశ్‌ను పిలిచాను. పలకలేదు. ఆకాశం ఎర్రబడింది, ఇసుక కళ్లలో కొడుతోంది. గొంతు పోయేలా అరిచాను. చాలాసేపటికి నా వెనక నుంచి వచ్చాడు.

"అంతగనం పిలుస్తుంటే పలకవేందిరా?"

"పోలీసోళ్లు నీతోని పిలిపిస్తున్నరనుకున్న అన్నా."

కారెక్కి రూముకు వచ్చేశాం. గుట్టల దగ్గర తీసిన ఫోటోలు బాగానే వచ్చాయి కానీ, ఇక్కడ పెట్టడానికి మనసొప్పడం లేదు. నిజం చెప్పండి, మీరైతే పలికేవారా?